తమ్ముడెత్తు బెల్లం

ఆదిలాబాద్ గురుకులం,
అక్టోబరు 14

అత్తమ్మా,

క్షేమంగా చేరానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. నిర్మల్ ఘాట్‌లో వాంతి చేసుకున్నా. బాపు తువ్వాల పాడైంది. హాస్టల్ గేటు దగ్గర నన్ను దింపి ఆయన వెంటనే వెనక్కి పోయాడు. ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. మా గదిలో ఉండే ప్రవళిక ఆదిలాబాద్ పిల్లే కదా, "గిది చలి గాదు, చలికి ముందు దండోరా" అంటుంది.

ఫోన్‌లో మాట్లాడదామంటే వెనక లైన్‌లో నిలబడ్డవాళ్ళంతా నా మాటలు వింటారు. అందుకే ఉత్తరం. నువ్వు కూడా రాయి. ముఖ్యంగా కథ పంపు.

నువ్వు పిల్లల కోసం రాస్తున్న నవలలో మొదటి భాగం, అదే దసరా సెలవుల్లో నాకూ అంజికీ చదివి వినిపించావే, అది ఇక్కడ అందరికీ చెప్పేశా. ఈజిప్టు రాజుగారి బిడ్డ మెరిత్, నైలు నది, పచ్చి ఇటుకల రాజమందిరం, గోడల నిండా బాతుల బొమ్మలు, ఏదీ వదల్లేదు. నువ్వు మెరిత్‌కు తమ్ముణ్ణి పెట్టలేదని అంజి అలిగి "తమ్ముడు లేకుంటే అక్కెట్లయితది అత్తమ్మా" అనడం, నువ్వు అప్పటికప్పుడు రాజుగారికి హోరి అనే కొడుకును పుట్టించడం కూడా చెప్పా. ఇప్పుడు మా గదిలో అందరికీ మెరిత్ కన్నా హోరి మీదే ప్రేమ.

అంజికి జ్వరం తగ్గిందా? అవ్వను అడిగితే, కన్నతల్లి కదా, నేను బెంగపడతానని "తక్కువైంది బిడ్డా, నువ్వు సదువుకో" అంటుంది. జ్వరం పోతే జాతరకు వాడెత్తు బంగారం ఇస్తానని బాపమ్మ సమ్మక్క సారక్కకు మొక్కింది కదా. బంగారమంటే బెల్లమే కాబట్టి బాపుకు బెంగ లేదు. సెలవుల్లోనే వాణ్ణి కిరాణా కొట్టు కాంటా మీద నిలబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం కొని అటక మీద పెట్టించింది. నీకో రహస్యం చెప్పాలి. వాడు ఆ రోజు జేబుల్లో ఆడుకునే గోటీలు పోసుకొని కాంటా ఎక్కాడు, ఎక్కువ తూగితే ఎక్కువ బెల్లం వస్తుందని. బాపమ్మకు మాత్రం చెప్పకు.

రెండో ఆదివారం ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు. వాణ్ణి తీసుకొని రండి.

నీ మేనకోడలు,
రేవతి


కరీంనగర్,
నవంబరు 3

రేవతీ,

నీ ఉత్తరం అంజికి చదివి వినిపించా, గోటీల సంగతి తప్ప. బాపమ్మ పక్కనే కూర్చొని ఉంది మరి.

అంజి, అవ్వ, బాపమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఫికర్ చేయకు. జ్వరం వచ్చి పోతుంటే రక్తం తక్కువైందన్నారు. సిరిసిల్ల నుంచి తిరిగే బదులు ఇక్కడుంటే డాక్టరుకు దగ్గరని నేనే రమ్మన్నా. దానిమ్మ ఒలిచి పెడితే ఎర్ర గింజలన్నీ తనకు, పాలిపోయినవన్నీ మనకు అని పంపకాలు చేస్తున్నాడు. మీ బాపుకు సాంచాల దగ్గర సెలవు దొరకలేదు, మరమగ్గాలు ఒక్క పూట కూడా ఆపరట, అందుకని ఈ ఆదివారం ఎవరం రాలేం. అలగకు. ఇదిగో నీ కథ.

మెరిత్‌కు తొమ్మిదేళ్ళు, హోరికి ఆరు. ఆ దేశంలో రాజుగారి పిల్లలకు తల గొరిగి కుడి చెవి పక్కన ఒక్క జడ మాత్రం ఉంచుతారు. నీళ్ళలో పడినా మునిగిపోకుండా జడ కొసకు చిన్న చేప బొమ్మ కడతారు. హోరికి ఆ చేప నిజంగా పని చేస్తుందా లేదా అని అనుమానం వచ్చింది. దాన్ని విప్పి గురువుగారి పిల్లి తోకకు కట్టి, పిల్లిని నది గట్టు మీదికి ఎత్తుకుపోయాడు. పిల్లి నదిలో దూకలేదు, వెతుక్కుంటూ వచ్చిన గురువుగారి మీదికి దూకింది. శిక్షగా కుండపెంకుల మీద అక్షరాలు దిద్దమన్నారు. వాడు అక్షరాలు దిద్దకుండా గురువుగారి బొమ్మ గీశాడు, పిల్లి మీసాలు పెట్టి. గురువుగారు వస్తున్న చప్పుడు విని మెరిత్ ఆ పెంకు మీద కూర్చుంది. పాఠం అయ్యేదాకా లేవలేదు, గుచ్చుకుంటున్నా లేవలేదు.

రాజమందిరంలో కట్టే నారబట్ట వెనక చెయ్యి పెడితే వేళ్ళు కనబడతాయని నేను చదువుతుంటే మీ బాపు, "గంత సన్న పోగు సాంచ మీద ఆగది, తెగుతది. గది చేతిమగ్గమే" అని తీర్పు చెప్పాడు. ఆ రాజుగారికి ఇప్పటికి సిరిసిల్ల సర్టిఫికెట్ దొరికింది.

బాగా చదువు. చలికి స్వెటరు వేసుకో, పెట్టెలో దాచుకోవడానికి కొనలేదు.

మీ అత్తమ్మ


ఆదిలాబాద్ గురుకులం,
నవంబరు 24

అత్తమ్మా,

రాలేమని నువ్వు రాసినా నేను సగమే నమ్మి, ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి గేటు దగ్గర కూర్చున్నా. ప్రవళిక వాళ్ళవాళ్ళు జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి దంచిన ఠేచా తెచ్చారు. నన్నూ కూర్చోబెట్టి తినిపించారు. కారానికి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. కారానికే అని నువ్వు అనుకుంటే అనుకో.

పిల్లి సంగతి చెబితే మా వాళ్ళు పొట్టలు పట్టుకొని నవ్వారు. లైటు ఆర్పేదాకా చెప్పించుకున్నారు.

ఒక సంగతి అడగాలి. నిన్న ఫోన్ చేస్తే అంజి ఎత్తాడు. గొంతు ఎవరిదో అన్నట్టుంది. "అక్కా, నా జడ తీసేసిన్రు" అన్నాడు. నేను ఏం జడరా అనేలోపల అవ్వ ఫోన్ తీసుకొని "ఉత్తగనే అంటుండు, ఆడుకుంటుండు" అంది. వాడికి జడ ఎక్కడిది? రాయి.

రేవతి


కరీంనగర్,
డిసెంబరు 18

రేవతీ,

ఆలస్యమైంది, తిట్టుకొని ఉంటావు. బడిలో పరీక్షల పని.

జడ కథ ఇది. అంజికి గుండు చేయించాం. కుడి చెవి పక్కన హోరిలా ఒక పిలక ఉంచాల్సిందేనని వాడు మంగలితో పేచీ పెట్టాడు. ఆయన "గిదేం కటింగు దొరా, నేను ఎన్నడు జూడలే" అంటూనే ఉంచాడు. తర్వాత అదీ తీసేయాల్సి వచ్చింది. అంతే.

ఈసారి కథ కొంచెమే రాయగలిగా.

నైలు పొంగింది. పొలాలన్నీ నీళ్ళే. అలాంటి రోజుల్లో హోరి తుంగ పడవ వేసుకొని బాతుల వెంట పడాలి. వాడు మాత్రం చలువ గదిలో మంచం మీద పడుకొని ఉన్నాడు. తేనె రొట్టె పెడితే అటు తిరిగాడు. ఆ రాజు ఒక మాట అంటే సైన్యం కదులుతుంది, నది మీద పడవలు ఆగిపోతాయి. అంతటి రాజు కొడుకు మంచం పక్కన కింద కూర్చొని ఒక్క ముక్క తినమని బతిమాలుతున్నాడు.

అప్పుడు మొక్కుకున్నారు. బిడ్డకు జబ్బు చేస్తే ఆ దేశంలో బిడ్డ జుట్టు తీసి, దానికి సరితూగే వెండిని గుడిలో పెంచే జంతువులకు ఇచ్చేవారట, ఆ వెండితో వాటికి చేపలు కొనేవారట. ఇది నేను కల్పించింది కాదు, ఒక గ్రీకు యాత్రికుడు రాసిపెట్టాడు. హోరి జడ తూచుతుంటే మెరిత్ తన జడ కూడా కోసి తక్కెడలో వేయబోయింది. పూజారి ఆమె చెయ్యి పట్టుకొని ఆపాడు. ఒకరి తూకం ఇంకొకరికి చెల్లదన్నాడు.

ఇది విని మీ బాపమ్మ "గట్లనా. గాడ గూడ తూకమేనా. అయితే వాళ్ళు మనోళ్ళే" అంది.

చివరగా ఒక మాట. జనవరి సెలవులకు ఇంటికి రావద్దు. అంజికి అమ్మతల్లి పోసింది, ఒళ్ళంతా పొక్కులు. నీకు ఇంతవరకు పోయలేదు కదా, వస్తే అంటుకుంటుంది, పరీక్షలు పోతాయి. కోపం తెచ్చుకోకు బిడ్డా.

మీ అత్తమ్మ


ఆదిలాబాద్,
జనవరి 12

అత్తమ్మా,

హాస్టల్ ఖాళీ అయింది. ప్రవళిక వాళ్ళ అవ్వ వచ్చి నన్ను కూడా వాళ్ళింటికి తీసుకొచ్చింది. నన్ను "బాయీ, బాయీ" అని పిలుస్తుంది, వాళ్ళ దిక్కు మరాఠీ మాటలు కలుస్తాయి. ఆమె నాటుకోడి వండింది, నేను తినలేదు. ఇంట్లో అమ్మతల్లి ఉంటే తాళింపు పెట్టరు, నీసు తినరు కదా. నేను ఎంత దూరంలో ఉన్నా అది మన ఇల్లే. అందుకే నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి హాస్టల్‌లో కూడా ఆదివారం కోడికూర ముట్టలేదు. వేపాకు తెచ్చి దిండు కింద పెట్టుకున్నా. వార్డెన్ మేడం చూసి పురుగులొస్తాయని తిట్టింది, తర్వాత ఎందుకో తెలుసుకొని ఊరుకుంది. అమ్మతల్లి ఎప్పుడు దిగిందో రాయి. అంతవరకు నేను నియమం తప్పను.

డిసెంబరులో బాపు ఒక్కడే వచ్చాడు. నీకు చెప్పాడో లేదో. కాసేపు కూర్చున్నాడు. నేను అంజి గురించి అడిగినప్పుడల్లా గోడ వైపు చూస్తూ "ఉన్నడు బిడ్డా" అన్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొని ఉంటే సరిచేశా.

కథ మా వాళ్ళకు చెప్పలేదు. నాకు నచ్చలేదు. హోరి ఈసారి ఒక్క అల్లరీ చేయలేదు. పడుకొని ఉన్నా ఏదో ఒకటి చేస్తాడు కదా, పూజారి కర్ర అన్నా దాచిపెడతాడు. వాణ్ణి బాగు చెయ్యి అత్తమ్మా. రాజు వల్ల కాలేదంటే సరే, పూజారి వల్ల కాలేదంటే సరే. రాసేది నువ్వే కదా, నిన్ను ఎవరు ఆపుతారు?

రేవతి


కరీంనగర్,
ఫిబ్రవరి 2

చిరంజీవి రేవతికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. జాతర అయింది. ముందు వేములవాడ పోయి రాజన్న దర్శనం చేసుకొని వచ్చాం. మేడారం జాతర జనంలో పిల్లవాడితో ఎందుకని, ఇక్కడే రేకుర్తిలో సమ్మక్క సారక్క గద్దెల దగ్గర మొక్కు చెల్లించాం. బాపమ్మకు తృప్తిగా ఉంది. అంజి బాగున్నాడు. కథ రాయడానికి తీరిక దొరకడం లేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, మనసు చదువు మీద పెట్టు.

మీ అత్తమ్మ


ఆదిలాబాద్ గురుకులం,
ఫిబ్రవరి 8, ఆదివారం

అత్తమ్మా,

నువ్వు నాకు ఎప్పుడూ చిరంజీవి అని రాయలేదు. అప్పుడే నాకు గుబులు పుట్టింది. ఇప్పుడు ఏం జరిగిందో చెప్తా.

మన వాడకట్టు హనుమండ్లు కాక బిడ్డ ఇక్కడ ఆరో తరగతి చదువుతుంది కదా. ఆయన ఇవాళ వస్తూ నాకు ఒక సంచి తెచ్చాడు. "మీ బాపమ్మ ఇచ్చింది బిడ్డా. జాతరల మీ తమ్మునెత్తు ఇయ్యంగ మిగిలిన బంగారమట. నలుగురికి పెట్టి నువ్వు గూడ తినుమన్నది" అన్నాడు.

నేను సంబరంగా పంచిపెట్టా. మా గదికి పెట్టా, పక్క గదికి పెట్టా. వార్డెన్ మేడంకు ఇచ్చా, ఆమె కళ్ళకద్దుకుంది. నేను కూడా పెద్ద ముక్క తిన్నా. వంట చేసే పోశవ్వకు ఇవ్వబోతే ఆమె సంచిలోకి చూసి, "ఇంక దండిగనే ఉన్నది గద బిడ్డా, పాశెం వండుదామా" అంది. అప్పుడు నేను కూడా సంచిలోకి చూశా. అంతమంది తిన్నా సగం కూడా అయిపోలేదు.

దసరాకు వాడు ఎంత తూగితే అంత కొన్నారు. జాతరనాడు వాడు ఎంత తూగితే అంత ఇచ్చారు. మిగిలింది ఇదన్నమాట.

ముందు గోటీలు గుర్తొచ్చి మనసు కుదుటపడింది. గోటీల బరువు ఎక్కువ వచ్చి ఉంటుందిలే అనుకున్నా. కానీ వాడి జేబుల్లో ఎన్ని పడతాయి? చారెడు కూడా పట్టవు. సంచి ఎత్తి చూశా. అంతమందికి పెట్టాక కూడా రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ఇదంతా దసరాకు వాడి ఒంటి మీద ఉండేది. దాన్ని నేను అందరికీ పంచిపెట్టా. తియ్యగా ఉందని మళ్ళీ అడిగి తిన్నారు.

పొక్కులు పోస్తే ఎవరూ ఇంత తగ్గరు. లైన్‌లో నిలబడి ఫోన్ చేశా. నేను ఏమీ అడగకముందే అవ్వ "మంచిగున్నడు బిడ్డా" అంది.

నిజం రాయి అత్తమ్మా. కథ వద్దు. నేను గోడ దూకి వస్తానని భయపడకు, నాకు ఆ ధైర్యం లేదు. ఇంటివాళ్ళు వచ్చి సంతకం పెడితేనే గేటు తీస్తారు. మీరు రాకపోతే నేను ఇక్కడ లెక్కలు చేసుకుంటూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేను. ఎవరైనా రండి.

రేవతి


కరీంనగర్,
ఫిబ్రవరి 12

రేవతీ, నా తల్లీ,

ఈ ఉత్తరం మీ బాపు చేతికిచ్చి పంపుతున్నా. ఆయన సంతకం పెట్టి నిన్ను తీసుకొస్తాడు. బస్సెక్కాక చదువు. నోటితో చెప్పడం తన వల్ల కాదన్నాడు, అందుకే రాస్తున్నా.

అంజికి వచ్చింది రక్తంలో జబ్బు. దసరా దాటాక తెలిసింది. అమ్మతల్లి పోయలేదు, అది నేను ఆడిన అబద్ధం. నువ్వు ఆ అబద్ధానికి నియమం పట్టి కూర తినడం మానేశావని చదివిన రోజు నేను కూడా తినలేకపోయాను, అయినా నిజం రాయలేదు. నవంబరు నుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తిప్పుతూ మందు ఎక్కించాం. జుట్టు పోయింది దానికే. మొదట తగ్గింది. మేమంతా గట్టెక్కామనుకున్నాం. జనవరిలో తిరగబెట్టింది. ఇంక సూదులతో సతాయించొద్దు, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకోండని డాక్టరమ్మ చెప్పింది. మంచి మనిషి, ఆ మాట చెప్పేటప్పుడు మా ముఖాలు చూడలేకపోయింది.

నీ చదువు పాడవుతుందని దాచామని అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. అది పైమాట. నీకు రాస్తే అది నిజమైపోతుందని నాకు భయం. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఇంత పిరికిదాన్నని అనుకోలేదు.

బెల్లం సంగతి కూడా విను. రేకుర్తిలో తరాజు ఒకవైపు వాణ్ణి కూర్చోబెట్టి రెండోవైపు బెల్లం ముద్దలు వేశారు. మూటలో ఇంకా ముద్దలుండగానే వాడు పైకి లేచాడు. ఉయ్యాల ఊగినట్టు నవ్వాడు. అవ్వ మూటకు గబగబా ముడేసింది. మిగిలినవి కూడా గద్దె మీదే పెట్టేద్దామని మీ బాపు అంటే బాపమ్మ ఒప్పుకోలేదు. "మొక్కిన తూకం అమ్మకిచ్చినం. అంత ఈన్నే ఇడిసిపెట్టి పోతే ఎట్లరా ఎల్లేశం. పోరన్ది జరంతన్న ఇంటికి రానియ్యి. అక్కకు పంపు" అంది. కాబట్టి నువ్వు పంచిపెట్టి తప్పు చేయలేదు. ఆమె కోరుకున్నది అదే.

నువ్వు చెప్పినట్టు నేను హోరిని బాగు చేశాను. మొన్న కూర్చొని ఏకబిగిన రాశా. జ్వరం దిగింది, వాడు పూజారి కర్ర దాచాడు, తుంగ పడవలో నది మధ్యకు పోయాడు, రాజు గట్టు మీద నిలబడి నవ్వాడు. బాగానే వచ్చిందనుకొని అంజికి చదివి వినిపించా. వాడు కళ్ళు మూసుకొని అంతా విన్నాడు. తర్వాత నా చెయ్యి మీద చెయ్యి వేసి, నన్నే ఓదారుస్తున్నట్టు, "గిది ఉత్తదే అత్తమ్మా. అసలుది అక్కకు ఎరుక. అక్కను పిలువుండ్రి" అన్నాడు.

అసలుది ఏమిటో నాకు తెలియదు. నీకు తెలియదని కూడా నాకు తెలుసు. పదమూడేళ్ళ పిల్ల మీద ఇంత బరువు పెట్టకూడదు, కానీ వాడు ఇంకెవరినీ అడగడం లేదు. నీకు తోచింది చెప్పు. ఏమీ తోచకపోతే పక్కన పడుకో.

వాణ్ణి చూసి ఉలిక్కిపడకు. కళ్ళు మాత్రం పాత అంజివే, వాటిని చూస్తూ మాట్లాడు. రాగానే ఎత్తుకొమ్మంటాడు, ఇప్పుడు అందరినీ అదే అడుగుతున్నాడు. ఎత్తుకో. నువ్వు అనుకున్నదానికన్నా సులువుగా లేస్తాడు. వెనక్కి తూలకుండా కాళ్ళు గట్టిగా ఆనించి నిలబడు, నీ ముఖంలో వాడికి ఏమీ కనబడనీయకు. మాకెవరికీ అది చేతకాలేదు.

బస్సులో ఎంత ఏడుపొస్తే అంత ఏడువు. మీ బాపు కూడా ఏడుస్తాడు, కిటికీ పక్క సీటు ఆయనకు ఇవ్వు. మెట్‌పల్లిలో బస్సు కొంచెంసేపు ఆగుతుంది. ఇద్దరూ దిగి నల్లా దగ్గర ముఖాలు కడుక్కోండి, టీ తాగండి. అక్కడి నుంచి ఇక ఏడవొద్దు. వాడు మంచం గుమ్మం ఎదురుగా వేయించుకున్నాడు, మా గల్లీ మలుపు తిరగ్గానే మిమ్మల్ని చూస్తాడు.

మీ అత్తమ్మ